మూడోసారీ కారిన నూనె

మొన్న నరసరావుపేట రైల్వే గేటు దగ్గర ఆగి ఉన్నప్పుడు, ముందున్న పాత జీపు నుంచి మాడిన ఇంజన్ నూనె వాసన గుప్పున వచ్చింది. స్టీరింగు దగ్గర కూర్చున్న నా శిష్యురాలు చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని గబగబా అద్దం ఎత్తింది. నేను నా వైపు అద్దం ఇంకాస్త దించాను. ఆమె నన్ను అదోలా చూసింది. ఆ వాసనకు నాకు ఒక మనిషి గుర్తొస్తాడని ఆమెకు ఏం తెలుసు? మస్తాన్ బాబాయి పోయి రెండేళ్లవుతోంది.

నేను ఈ ఊళ్లో ఆడవాళ్లకు కారు నడపడం నేర్పుతాను. మొదలుపెట్టినప్పుడు నాకున్నది ఒక్కటే కారు, అదీ మూడు చేతులు మారి వచ్చింది. నేర్పే బండి కాబట్టి పక్క సీట్లో నా కాళ్ల దగ్గర కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉండేవి. ఆ కారుకు ఒక పాడు జబ్బు ఉండేది. ఇంజన్‌కు మూతలా ఉండే ట్యాపెట్ కవర్ అంచుల నుంచి నూనె కారేది. మూతకూ ఇంజన్‌కూ మధ్య రబ్బరు ప్యాకింగ్ ఉంటుంది, దాన్ని ఎన్నిసార్లు మార్చినా అంతే. కారిన నూనె కాలుతున్న సైలెన్సర్ గొట్టం మీద పడి బానెట్ సందుల్లోంచి పొగ లేచేది. ఆ పొగకు హడలిపోయి ఇద్దరు నేర్చుకోవడం మానేశారు. ఇంకో నలుగురు మానేస్తే నేను బోర్డు పీక్కుని ఇంట్లో కూర్చోవడమే.

ఎవరో చెబితే మాచర్ల రోడ్డులో ఉన్న మస్తాన్ బాబాయి షెడ్డుకు తీసుకెళ్లాను. అప్పటికే ఆయనకు అరవై దాటాయి. బక్కపలచని మనిషి, నోరు మాత్రం బక్కది కాదు. ఎవరెంత తొందరపెట్టినా చేతిలో పని పూర్తయ్యేదాకా తలెత్తడు. నన్ను గంటన్నర కూర్చోబెట్టి, తీరిగ్గా వచ్చి, మూత విప్పి నుదురు కొట్టుకున్నాడు.

“ఎవడమ్మాయ్ ఈ బంక పూసింది? గోడకు సున్నం కొట్టినట్టు కొట్టాడు!”

పాత మెకానిక్కులు కారిన ప్రతిసారీ కొత్త బంక పూసి బోల్టులు బలంగా బిగించి పంపేవారు. ఆయన ఆ బంకంతా ఒక చెక్క ముక్కతో గీకుతూ కూర్చున్నాడు. స్క్రూడ్రైవరుతో అయితే క్షణంలో పోతుంది కదా అన్నాను.

“ఇనుంతో గీకితే గీత పడుద్ది. రేపు ఆ గీతలోంచే కారుద్ది. నీకు తొందరైతే నువ్వు పో, బండి ఉంచు.”

కొత్త ప్యాకింగ్ పరిచి, మూత పెట్టి, ముందు మధ్య బోల్టులు, ఆ తర్వాత అటొకటి ఇటొకటి కొంచెం కొంచెంగా తిప్పాడు. పానాను రెండు వేళ్లతో, తలకాయ దగ్గరే పట్టుకున్నాడు. బలం పెట్టడానికి వీల్లేకుండా కావాలనే అలా పట్టుకుంటాడని తర్వాత తెలిసింది. ఇంకో చుట్టు తిప్పొచ్చుగా అని అడక్కుండా ఉండలేకపోయాను. “తిప్పితే ఆగుద్దనుకుంటావు. ప్యాకింగ్ నలిగి ఇంకా కారుద్ది,” అన్నాడు. అంత ఓపికగా పనిచేసే చేతుల్ని నేను మళ్లీ చూడలేదు.

అయినా నెల తిరక్కుండా కారింది. ప్యాకింగ్ నాసిరకమని తిట్టి, గుంటూరు నుంచి మంచిది తెప్పించి వేశాడు. కొన్నాళ్లకు మళ్లీ కారింది.

సరిగ్గా అప్పుడే, ఆ కారులో నేర్చుకుంటున్న కోటేశ్వరి కథ కూడా ముదిరింది. కోటేశ్వరి జిన్నింగ్ మిల్లులో పత్తి దుమ్ము మింగీ మింగీ దగ్గు తెచ్చుకున్న మనిషి. ఊళ్లో ఒక ల్యాబు వాళ్లు చుట్టుపక్కల పల్లెల నుంచి రక్తం సీసాలు తెచ్చే పని ఇస్తామన్నారు. కారు వాళ్లదే, లైసెన్సు మాత్రం ఉండాలి. డాక్టరు చూస్తే మిల్లు మానేయమంటున్నాడు. నా దగ్గర నేర్చుకునేటప్పుడు కోటేశ్వరి బండిని వెన్నలా నడిపేది. పరీక్షకు ఒంటరిగా వెళ్తే చాలు, ట్రాకు మీద వెనక్కి తీసుకునేటప్పుడు ఇంజన్ ఆగిపోయేది. రెండుసార్లు అలాగే తప్పింది. మూడో పరీక్ష వారంలో ఉంది. అదీ పోతే పని ఇంకొకరికి ఇస్తామని ల్యాబు వాళ్లు చెప్పేశారు. “నీ ధ్యాస ఎక్కడుంటుందే? వంద సార్లు చెప్పాను క్లచ్ మెల్లగా వదలమని,” అని కసిరాను. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పొగలు కక్కే బండిలో పరీక్షకు ఎలా పంపను? కోటేశ్వరిని వెంటబెట్టుకునే మూడోసారి షెడ్డుకు వెళ్లాను. అక్కడ నలుగురైదుగురు తమ బళ్ల కోసం కూర్చుని ఉన్నారు. మస్తాన్ బాబాయి మూత ముట్టుకోలేదు. ఇంజన్ చుట్టూ చాలాసేపు చూసి, ఒక మూల నుంచి వేలెడు లావు గొట్టం ఒకటి పీకి నోటికి ఆనించి ఊదాడు. బుగ్గలు పొంగాయి కానీ గాలి అవతలికి పోలేదు. ఇనుప తీగ పెట్టి పొడిస్తే నల్లటి మడ్డి ముద్దలుగా ఊడిపడింది.

“ఇది బ్రీదర్ పైపు అమ్మాయ్. ఇంజన్ లోపల పుట్టే ఆవిరి ఇట్టా బయటికి పోవాల. ఇది పూడిపోయింది. ఊపిరాడక లోపలి నూనెని ఎటు సందు దొరికితే అటు నెడతంది. పాపం, నేను ఇన్నాళ్లూ ప్యాకింగుని తిట్టా.” తర్వాత అందరికీ వినబడేట్టుగానే, “రెండుసార్లు వచ్చినప్పుడూ చూడలా. తప్పు నాది,” అన్నాడు.

అంత పేరున్న మేస్త్రీ, బేరాలిచ్చే మనుషుల ముందు ఆ మాట అన్నాడు. గొంతు తగ్గించలేదు, సాకు చెప్పలేదు. ఒకాయన నవ్వబోయి మానుకున్నాడు. నేను అప్పటిదాకా నోటితో ఆ మాట అన్న మగవాణ్ని చూడలేదు, అన్న మెకానిక్కును అసలే చూడలేదు.

పైపు మార్చి, ప్యాకింగ్ వేసి, వాసన వస్తుందేమో చూడాలని తనూ వెనక సీట్లో ఎక్కాడు. కోటేశ్వరి నడిపింది, నేను పక్కన కూర్చున్నాను. వినుకొండ రోడ్డు దాకా వెళ్లి, ఒక గోడౌను ముందు బండి వెనక్కి తిప్పించాను. చుక్క నూనె కారలేదు, వాసన లేదు. నేను సంబరంగా వెనక్కి తిరిగాను. ఆయన నా మొహం చూడట్లేదు, నా కాళ్ల వైపు చూస్తున్నాడు.

“అమ్మాయ్, బండి నడిపేది ఎవరు? ఆమా, నువ్వా?”

“అదేంది బాబాయ్?”

“చానాసేపటి నుంచి చూస్తన్నా. ఆమె క్లచ్ వదిలినప్పుడల్లా నీ ఎడం కాలు నీ క్లచ్ తొక్కుతంది.”

కిందికి చూశాను. నా ఎడమ పాదం పెడల్ మీదే ఉంది. ఎప్పుడు పెట్టానో నాకే తెలీదు. ముందు చచ్చేంత కోపం వచ్చింది. నేర్పేదాన్ని నేను, మధ్యలో ఈయనెవరు? ఆ తర్వాత కోటేశ్వరి వంక చూశాను. ఇన్ని నెలలుగా ఇంజన్ ఆగిపోకుండా కాసింది నా కాలు. ట్రాకు మీదికి ఆ కాలు వెళ్లలేదు. రెండుసార్లు పరీక్ష తప్పించింది నేనైతే, ఏడిపించింది కూడా నేనే.

పొద్దున ఆ పెద్దాయన నలుగురిలో అన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది. “కోటేశ్వరీ, తప్పు నాదే,” అన్నాను. ఆమె బిత్తరపోయింది. “పర్లేదక్కా, ఇంకా ఐదు రోజులుందిగా,” అంది.

ఎడమ కాలు ఎత్తి సీటు మీద మడిచిపెట్టుకున్నాను. ఆ పూటే బండి తొమ్మిదిసార్లు ఆగిపోయింది. వెనక లారీవాళ్లు నానా మాటలూ అన్నారు. మస్తాన్ బాబాయి దిగిపోకుండా కూర్చుని, “వాళ్ల మాటలు నీకెందుకమ్మా, నీ కాలు మాట విను,” అని కోటేశ్వరికి చెబుతూనే ఉన్నాడు. షెడ్డు దగ్గర ఎన్ని బళ్లు ఎదురుచూస్తున్నాయో ఆయనకు పట్టలేదు. మూడో రోజుకి రెండుసార్లే ఆగింది. ఐదో రోజు ఒక్కసారి.

పరీక్ష రోజు నేను ట్రాకు బయట రేకుల పంచ కింద నిలబడ్డాను. వెనక్కి తీసుకునే మలుపులో బండి ఒకసారి కుదుపుగా వణికింది. నా ఎడమ కాలు తనంతట తనే నేలను నొక్కుతోంది. ఇంజన్ ఆగలేదు. బండి మెల్లగా గీతల మధ్యకు వచ్చి నిలబడింది. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. లైసెన్సు చేతికొచ్చాక కోటేశ్వరి మిఠాయి పట్టుకుని ముందు షెడ్డుకే వెళ్లింది. ఆయన చేతులు వేస్టు నూలుతో తుడుచుకుని ఒక ముక్క నోట్లో వేసుకుని, “నూనె కారట్లేదుగా?” అని మాత్రం అడిగాడట.

ఆయన పోయినప్పుడు నేను ఊళ్లో లేను. ఆయనకు నేనేం రుణపడ్డానో ఒక్కసారి కూడా నోరు తెరిచి చెప్పలేదు. అది నాలో ఇంకా ముల్లులా ఉంది. ఇప్పుడు నాకు మూడు కార్లున్నాయి, పాతది అమ్మేశాను. ఏ కారు ఎక్కినా, నేర్చుకునే మనిషికి కాస్త చెయ్యి తిరిగిందనిపించగానే కుడి పాదం బ్రేకు దగ్గర ఉంచి, ఎడమ కాలు సీటు మీద మడిచిపెట్టుకుంటాను. చూసినవాళ్లు “కాలు నొప్పా మేడం?” అని అడుగుతారు.

“లేదమ్మా, బండి నడిపేది మీరని దానికి చెబుతున్నాను,” అంటాను.