వంటింట్లో బస్సు గంట

ముప్పయ్యేళ్లు బస్సులో గొంతు చించుకున్న కండక్టరుకు కేన్సరని స్వరపేటిక తీసేశారు. ఇప్పుడాయన ఊపిరి మెడ మీది రంధ్రంలో అమర్చిన గొట్టంలోంచే. వేడి టీని అలవాటుకొద్దీ ఊదబోతాడు. టీ కదలదు, రంధ్రం మీద కట్టుకున్న పల్చటి గుడ్డ కదులుతుంది. చూడొచ్చినవాళ్లు ఆయనకేదో చెవుడొచ్చినట్టు అరిచి మాట్లాడతారు. మంచం దగ్గర్నుంచి వంటింటిదాకా తాడు కట్టి, చివర పాత బస్సు గంట తగిలించుకున్నాడు. బస్సులోలాగే ఒకసారి మోగితే ఆగమని, రెండుసార్లు మోగితే పోనిమ్మని. "ఇల్లు ఫుల్లండీ, ఇంకెవర్నీ ఎక్కించకండి," అని భార్య పొయ్యి దగ్గర్నుంచే నవ్వుతుంది.

ఒక ఉదయం గంట ఆగకుండా మోగింది. ఆమె పరుగెత్తుకొచ్చేసరికి మెడలోని గొట్టానికి కఫం అడ్డుపడి ఆయన ముఖం నల్లబడుతోంది. నర్సు నేర్పినట్టే లోపలి గొట్టం లాగి, కడిగి, మళ్లీ అమర్చింది. ఊపిరి ఆడింది. అంతవరకూ నిబ్బరంగా ఉన్న ఆమె, "నేను ఏ బజారుకో వెళ్లుంటే ఏమయ్యేదండీ?" అంటూ గోడకు చేరగిలబడి ఏడ్చింది. ఆయన ఆమె తల నిమిరాడు. కాసేపాగి తాడు అందుకుని, మెల్లగా రెండుసార్లు లాగాడు.