ఏమీ చేయని కంపైలర్‌కు ఫస్టు ప్రైజు

మా వదినకు ఆఫీసులో 'తక్కెడ' అని పేరు. మనం రాసిన ప్రోగ్రాంను యంత్రానికి అర్థమయ్యే భాషలోకి మార్చేదాన్ని కంపైలర్ అంటారు. ఏ కంపైలర్ మార్చిన ప్రోగ్రాం చురుగ్గా పరిగెడుతుందో, ఏది మెమరీని మింగేస్తుందో మూడు రకాల ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద తూచి చెప్పడం ఆమె పని. అదే ఆఫీసులో జీతాలు చూసే నాకు, ఇదీ ఒక ఉద్యోగమేనని నమ్మడానికి చాలా కాలం పట్టింది.

ఈమధ్య ఒక కొత్త కంపైలర్ మూడు సిస్టమ్‌ల మీదా పాతవాటిని చిత్తు చేసింది. మెమరీ అయితే ముట్టనే లేదు. మేనేజరు ఎగిరి గంతేసి కస్టమర్లందరి దగ్గరా డప్పు కొట్టుకొచ్చాడు. టీమ్ లీడర్ కుర్చీ వదినకేనని మాటిచ్చాడు. దానికోసం ఆమె ఏళ్ల తరబడి కళ్లలో వత్తులు వేసుకుని చూస్తోంది.

కస్టమర్లతో మీటింగు రోజు పొద్దున, అందరికీ చూపిద్దామని, తన పరీక్ష ప్రోగ్రాం చేసే పెద్ద లెక్కకు జవాబు తెర మీద కనపడేలా అందులో ఒక్క లైను చేర్చింది. అంతే, కొత్త కంపైలర్ నత్తనడక పట్టింది. ఒక సిస్టమ్‌లోనైతే మెమరీని అన్నిటికంటే ఎక్కువ మింగింది.

"ఇన్నాళ్లూ జవాబు నేనెక్కడా అడగలేదు మరిదీ," అంది తల పట్టుకుని. "ఎవరికీ అక్కర్లేని లెక్క ఎందుకులే అని ఈ కొత్తది ప్రోగ్రాంలోంచి దాన్నే ఎగరగొట్టేసింది!"

"మా అన్నయ్యా అంతేగా వదినా. అడిగేవాళ్లు లేకపోతే తాగిన గ్లాసు కూడా కడగడు."

"నోర్ముయ్. పాతవి పాపం ఒళ్లొంచి చేశాయి. నేనేమో ఈ పనిదొంగని అందలమెక్కించాను."

తేలు కుట్టిన దొంగలా గమ్మున ఉండమని నేను ఉచిత సలహా పారేశాను. వినలేదు. మీటింగులో అందరి ముందూ లేచి, "నేను పెట్టిన పరీక్షే తప్పు సార్," అనేసింది.

మేనేజరు మొహాన నెత్తురు చుక్క లేదు. "మరి ఇన్నాళ్లూ ఏం కొలిచావమ్మా?"

"పని ఎగ్గొట్టినవాడు ఎంత తొందరగా ఇంటికెళ్తాడో కొలిచానండి."

హాలంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను గానీ, ఆమెను చూస్తే నిజంగా గర్వంగా అనిపించింది.

కుర్చీ పక్క సీటతనికి దక్కింది. ఇంటికొచ్చాక అన్నయ్య "పోనీలే" అన్నాడు. "పోనీలే ఏంటి? నాకది కావాలి!" అని వదిన వెక్కివెక్కి ఏడ్చింది.

కానీ కస్టమర్లు పట్టుబట్టారు. తప్పు తనే ఒప్పుకున్న మనిషి మళ్లీ తూచి చెబితేనే నమ్ముతామన్నారు. కొత్త లీడరు వదినను తన గదికి పిలిచి, నసుగుతూ విషయం చెప్పాడు. గదిలో ఉన్నది ఒకటే కుర్చీ.

"లే బాబూ," అంది వదిన. "నేను నిలబడి తూచను."

అతను లేచాడు.