డెబ్బయ్యొకటో పాటలో దగ్గు

ఆ స్టూడియోలో ఆమెను అందరూ కత్తెరమ్మ అంటారు. గాయకులు మాటకీ మాటకీ మధ్య పీల్చే గాలిని కత్తిరించి పారేయడం, శ్రుతి తప్పిన చోట తప్పనట్టు సర్దడం ఆమె ఉద్యోగం. పాటల నిర్మాత కావాలని నాలుగేళ్ల కిందట చేరింది. ఈ నాలుగేళ్లలో డెబ్బై పాటలు ఆమె చేతిమీదుగా వెళ్లాయి. ఒక్కదాని కిందా ఆమె పేరు లేదు. పేరులో ఏముంది, పనే మాట్లాడాలి అంటాడు యజమాని. ఆయన పేరు మాత్రం గోడల మీద మూడు చోట్ల, టీ కప్పు మీద ఒక చోట తీరిగ్గా మాట్లాడుతూ ఉంటుంది.

ఇంట్లో ఒకసారి తను చేసిన పాట వినిపించింది. నాన్న కళ్లద్దాలు పెట్టుకుని మరీ విన్నాడు, వినడానికి అవి అవసరమైనట్టు.

"బాగుంది. ఇందులో నువ్వెక్కడున్నావే?" అన్నాడు.

ఆమె పని ఎంత బాగా చేస్తే, చేసినట్టు అంత కనబడదు. వచ్చే పాటకైనా పేరు పడకపోతే ఇదంతా మానేసి, అక్క పనిచేసే బీమా ఆఫీసులో చేరతానని అమ్మకు మాటిచ్చేసింది. అమ్మ ఆ సాయంత్రమే అక్కకు ఫోన్ చేసి కుర్చీ ఖాళీ ఉందో లేదో కనుక్కుంది.

ఆ వచ్చే పాట టైల్స్ షాపు ఆయనది. పెళ్లయి ముప్పై ఏళ్లయినందుకు భార్యకు సొంతంగా పాడి కానుకివ్వాలని ఆయన కోరిక. ఒక్క టేకులో పాడేస్తానని గాజు గదిలోకి వెళ్లి మాట నిలబెట్టుకున్నాడు. ఆ టేకులో శ్రుతి ఆయన్ని ఎక్కడా కలుసుకోలేదు. తాళం రెండుసార్లు ఎదురైంది గానీ, ఆయన పలకరించకుండా వెళ్లిపోయాడు.

కత్తెరమ్మ వారం రోజులు కూర్చుని ఒక్కొక్క అక్షరాన్నీ చెయ్యి పట్టుకుని స్వరం మీదికి ఎక్కించింది. టైల్స్ షాపు ఆయన వచ్చి విని, కళ్లు తుడుచుకుని, చిన్నప్పుడే ఈ లైన్లోకి రావాల్సిందన్నాడు. ఆమె పేరు సంగతి యజమాని నసుగుతూ కదిపితే, ఒక్క టేకులో పాడిన పాటకి ఇంకొకరి పేరెందుకని ఆశ్చర్యపోయాడు. యజమాని తలూపాడు. ఖాతాదారుల ముందు ఆయన మెడ చాలా సులువుగా కదులుతుంది.

మర్నాడు టైల్స్ షాపు ఆయన భార్యను తీసుకొచ్చాడు. ఆవిడ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కళ్లు మూసుకుని పాటంతా విని, తీసి బల్ల మీద పెట్టింది.

"చాలా బాగుందండీ. ఎవరు పాడారు?"



"నేనే" అన్నాడాయన.

"ఊరుకోండి. ముప్పై ఏళ్లుగా స్నానాల గదిలోంచి వింటున్నాను, మీ గొంతు నాకు తెలియదా? పై స్థాయికి వెళ్లేముందు మీరు ఒకసారి దగ్గుతారు. ఇందులో దగ్గేది?"

దగ్గును కత్తెరమ్మ మొదటిరోజే తీసేసింది. ఖాతాదారుల ముందు ఎప్పుడూ నోరు విప్పని మనిషి, "నా దగ్గరే ఉందండీ" అంది. అసలు రికార్డింగు తెరిచి వినిపించింది. ఆవిడ సగం పాటదాకా నవ్వింది. మిగతా సగం నవ్వలేదు.

"ఇదమ్మా మా ఆయన. నాకు ఇదే ఇవ్వు."

నలుగురూ వింటే ఏమనుకుంటారని ఆయన మొత్తుకున్నాడు. కానుక తనదనీ, నలుగురిది కాదనీ ఆవిడ కదల్లేదు. చివరికి ఆయన ఒక షరతు మీద లొంగాడు: పాట ఇలా తగలడ్డానికి బాధ్యులెవరో కింద పెద్ద అక్షరాలతో పడాలి. యజమాని వెంటనే ఒప్పుకున్నాడు. నింద పంచాల్సిన చోట ఆయనకు మహా ఉదారబుద్ధి.

అలా డెబ్బై పాటలు బాగుచేసినా పడని పేరు, ఒకదాన్ని బాగుచేయనందుకు పడింది. పంపేముందు కత్తెరమ్మ ఒక్క పనే చేసింది. దగ్గు వచ్చే చోట వాద్యాలన్నిటినీ తగ్గించి, దానికి దారిచ్చింది.

ఇంట్లో నాన్న మళ్లీ కళ్లద్దాలు పెట్టుకుని విన్నాడు.

"ఇంత దగ్గు వినబడుతుంటే నువ్వేం చేస్తున్నావే?"

"అది వినబడేలా చేసింది నేనే నాన్నా."

నాన్న నమ్మినట్టు లేదు. పాట మళ్లీ మొదటినుంచి పెట్టాడు. అమ్మ మాత్రం అక్కకు ఫోన్ చేసి, ఆ కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చేయమంది.