డబ్బాల వరుసలో నా బ్రీఫ్‌కేసు

ఖతర్‌లో నేను నెల రోజుల పాటు కార్మికులతో కలిసి ఎండలో బస్సు కోసం నిలబడిన మాట నిజం. "స్వచ్ఛందంగా" నిలబడ్డానన్నది పచ్చి అబద్ధం. ఆ అబద్ధాన్ని పోయిన నెల ఒక తెలుగు సంఘం ప్రత్యేక సంచికలో నా ఫోటో పక్కన అచ్చు వేశారు. కింద "ఆదర్శ రవాణా నాయకుడు" అని బిరుదు. సభ పెట్టి శాలువా కప్పారు. నేను తల వంచి మరీ కప్పించుకున్నాను. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే శాలువాలో ఉన్నవాణ్ణి లాగి చెంపదెబ్బ కొట్టాలనిపించింది. అద్దం పగులుతుంది, ఊరుకోండి అంది మా ఆవిడ.

కాబట్టి జరిగింది జరిగినట్టు రాసేస్తున్నాను. ఇందులో ఒక ఘోరం జరుగుతుంది. చేసింది నేనే. చదువుతూ చదువుతూ మధ్యలో మీకు నా మీద జాలి కలిగితే మళ్ళీ మొదటి నుంచి చదవండి, అదే పోతుంది.

తొంభైల నాటి సంగతి. దోహాలో ఒక నిర్మాణ కంపెనీ. ఊరి చివర సనాయా అనే చోట ఉండే క్యాంపుల నుంచి కార్మికుల్ని పొద్దున్నే పనిచోట్లకు చేర్చి, సాయంత్రం వెనక్కి తెచ్చే బస్సులు ఆ కంపెనీకి చాలానే ఉండేవి. వాటన్నిటి మీదా ట్రాఫిక్ ఆఫీసర్ని నేను. ముప్ఫై ఏళ్ళు నిండలేదు. మన వైపు ఒక బస్సు డిపోలో నాలుగేళ్ళ అనుభవం, మదీనత్ ఖలీఫాలో ఏసీ ఇల్లు, కంపెనీ కారు. దోహాలో దిగాక నేను ఎక్కని వాహనం ఒక్కటే: బస్సు.

అలాంటి నన్ను కంపెనీ మూడు రోజుల కోర్సుకు పంపింది. రవాణా సంస్థల్ని నడిపించే నాయకులకు శిక్షణట. పెద్ద హోటల్లో, శవాల్ని దాచడానికి పనికొచ్చేంత చల్లని హాలు. ఎక్కడి నుంచో విమానంలో వచ్చిన దొర ఒకాయన తెర మీద గీతలు చూపిస్తూ రెండు ముక్కలు చెప్పాడు. ఒకటి, కొలవనిది బాగుపడదు. రెండు, మారువేషంలో మీ బస్సు మీరే ఎక్కి చూడండి. మూడు రోజుల్లో మిగతాదంతా భోజనాలు.

సర్టిఫికెట్టు తెచ్చి మా పెళ్ళి ఫోటో పక్కన తగిలించాను.

"ఏవండీ, పెళ్ళి ఫోటోలో మీరు నవ్వనైనా నవ్వలేదు. ఆ కాగితం పట్టుకుని అంతలా నవ్వుతున్నారేంటి?" అంది మా ఆవిడ.

నవ్వక ఏం చేస్తాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్తగా కోర్సు చేసొచ్చిన ఆఫీసరు పొద్దు తప్ప ఇంకేమీ ఎరగడు. మర్నాటి నుంచి నేను కొలవడం మొదలుపెట్టాను. ఏ బస్సు ఎన్ని నిమిషాలు లేటు, అదొక్కటే కొలిచాను. ఐదు నిమిషాలు దాటితే ఎర్ర గుర్తు. నెలలో మూడు ఎర్ర గుర్తులు పడ్డ డ్రైవరుకు వీసా పొడిగించే కాగితం నా బల్ల దాటదు. ఒక్క గుర్తూ పడనివాడికి పెద్ద మేనేజరు చేతుల మీదుగా బహుమతి.

నా దగ్గర ఇద్దరు తెలుగు డ్రైవర్లుండేవారు. ఒకరు కడప జిల్లా ఒబులేసు, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. ఆయన్ని నేను పేరు పెట్టి, ఏకవచనంలో పిలిచేవాణ్ణి. రెండోవాడు జగిత్యాల వైపు యాదగిరి, నా ఈడువాడు. ఇద్దరిదీ ఒకటే రూటు. క్యాంపు గోడ పక్క స్టాపు నుంచి మా హెడ్డాఫీసు మీదుగా పోతుంది. యాదగిరి బస్సు ఆరున్నరకు, ఒబులేసు బస్సు ఆరూ యాభైకి.

ఇక్కడ ఆ స్టాపు గురించి చెప్పాలి. దానికి కప్పు లేదు, ఉన్నదల్లా ఒక్క స్తంభం. వేసవిలో ఆరింటికే ఎండ అట్లకాడ పట్టుకుని నిలబడి ఉంటుంది. అందుకని కార్మికులు తమ అన్నం డబ్బాల్ని వరుసగా స్తంభం దగ్గర పెట్టి, వెళ్ళి గోడ నీడలో కూర్చునేవారు. ఎర్ర రంగు పూసింది ఒకరిది, తాడు కట్టింది ఒకరిది, మూత సొట్టపోయింది మరొకరిది. డబ్బా ముందుంటే మనిషి ముందున్నట్టు. డబ్బా మీద ఎవడూ చెయ్యి వేయడు, వరుస తప్పించడు. ఒబులేసు వచ్చి ముందు డబ్బాలు లెక్కపెట్టేవాడు, తర్వాత మనుషుల్ని. రెండు లెక్కలూ సరిపోతేనే బస్సు కదిలేది.

నేను కోర్సు చేసిన నాయకుణ్ణి కదా, ఒక రోజు కారులో ఆ దారిన పోతూ చూశాను. స్టాపులో మనుషులు లేరు, గిన్నెలున్నాయి, బస్సు ఆగి ఉంది. మర్నాడు డ్రైవర్లందర్నీ పిలిచాను.

"మనుషులు నిలబడి కనిపిస్తేనే బస్సు ఆగాలి. డబ్బాలు ప్యాసింజర్లు కావు."

"డబ్బా ఉంటే మనిషి ఉండాడనే కద సార్," అన్నాడు ఒబులేసు.

"నాకు కనిపించాలి ఒబులేసూ."

"ఆ ఎండకు యాడ నిలబడతారు సార్? ఒకపూట మీరు నిలబడి చూడండి, ఊరికే చెప్తాండా."

"అది నీకు అనవసరం."

యాదగిరి మాత్రం చేతులు కట్టుకుని అన్నాడు: "మీరు రాసియ్యిండ్రి సార్. ఆగుమంటె ఆగుత, పొమ్మంటె పోత. రేపు నన్నంటె మంచిగుండది."

రాసిచ్చాను. సంతకం కింద గీత కూడా గీశాను.

నెలాఖరు దగ్గరపడేసరికి యాదగిరి బస్సుకు ఒక్క ఎర్ర గుర్తూ లేదు. స్టాపులో ఎవరూ నిలబడి కనిపించకపోతే ఆగకుండా పోయేవాడు, ఇక లేటెందుకవుతుంది. ఒబులేసుకు రెండు గుర్తులు పడ్డాయి. షీటులో "ఆలస్యానికి కారణం" అన్న గడిలో ఆయన రోజూ తెలుగులో ఏదో రాసేవాడు, ఇంగ్లీషు రాక. ఆ గడిని నేను కొలవలేదు.

ఒక సాయంత్రం వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"సార్, నా వీసా కాగితం ఈ నెలలోనే పోవల్ల. ఇంకొక రెండేండ్లుంటే చిన్నపాప నర్సు చదువు అయిపోతాది. తర్వాత నేనే పోతా సార్, మీరు చెప్పే పన్లే."

"ఇంకొక గుర్తు పడకుండా చూసుకో."

"నా చేతుల్లో ఉంటే పడనిస్తానా సార్."

నా చేతుల్లో ఉంది. అప్పటికి నేను నా చేతుల కేసి చూసుకోలేదు, గడియారం కేసే చూశాను.

బహుమతి ఇచ్చే రోజు వచ్చింది. ఏడున్నరకు హెడ్డాఫీసులో పెద్ద మేనేజరు ముందు, బస్సుల్ని నేను ఎలా దారిలో పెట్టానో చెప్పాలి. దొర చెప్పిన రెండో ముక్క అప్పుడు గుర్తొచ్చింది. మారువేషంలో నా బస్సులోనే దిగి, "ఇప్పుడే మన బస్సులో వచ్చాను సార్, నిమిషం తేడా లేదు" అంటే ఎంత బావుంటుంది. టై తీసేశాను, నెత్తిన టోపీ పెట్టాను. అదీ మారువేషం. ఆరుంబావుకు స్టాపు దగ్గర దిగి కారు వెనక్కి పంపేశాను.

పదకొండు డబ్బాల వెనక నిలబడ్డాను. మొదటి నిమిషంలో చొక్కా తడిసింది. రెండో నిమిషంలో బుర్రలో ఉన్న కోర్సు కరిగి చెవుల్లోంచి కారింది. మూడో నిమిషంలో గోడ దగ్గర నుంచి నడివయసు మేస్త్రి ఒకాయన పిలిచాడు.

"ఓ అన్నా, గాడ మాడుతున్నవేందే? కొత్తగ వచ్చినవా? పెట్టె ఆడ వెట్టి ఇటు రా."

నా నియమం, నా సంతకం, దాని కింద నా గీత. అన్నీ గుర్తున్నాయి. బ్రీఫ్‌కేసును పన్నెండో డబ్బాగా పెట్టి వెళ్ళి నీడలో కూర్చున్నాను.

సరిగ్గా ఆరున్నరకు యాదగిరి బస్సు వచ్చింది. స్టాపులో ఎవరూ నిలబడి లేరు. ఆగకుండా, ఒక్క సెకను తేడా రాకుండా వెళ్ళిపోయింది. మేమంతా లేచి పరుగెత్తాం. నా టోపీ ఎగిరిపోయింది. బహుమతి తీసుకోవడానికి సమయానికి పోతున్న బస్సు వెనక, ఆ బహుమతి పెట్టినవాడు "ఆపవోయ్, ఆపవోయ్" అని అరుస్తూ పరుగెత్తడం మీరెక్కడా చూసి ఉండరు. తాను తవ్విన గోతిలో తానే పడతాడంటారు. నేను గొయ్యి తవ్వి, లోతు కొలిచి, చార్టు గీసి మరీ పడ్డాను.

"ఆ కొత్త సారు వచ్చినకాంచి రోజు గిదే లొల్లి," అన్నాడు మేస్త్రి, రొప్పుతూ. "నిలవడాల్నంట. ఆని నోట్ల మన్ను వడ."

"ఎవరా సారు?" అన్నాను, దుమ్ము దులుపుకుంటూ.

"ఎవ్వనికెర్క. ఏసీల కూసోని రాత్తడంట. ఒక్కపారి ఈడికి రావాలె, జెప్త ఆని పని."

"రావాలి, రావాలి," అన్నాను.

మళ్ళీ గోడ దగ్గరికి చేరాం. పొద్దెక్కేకొద్దీ నీడ కురచవుతోంది. అది జరిగినట్టల్లా నేనూ జరిగి, గోడ మలుపు దాటి, ఒక మూల చేరి కళ్ళు మూశాను. ఆరూ యాభైకి ఒబులేసు బస్సు వచ్చి హారన్ కొట్టిందట. పదకొండు మందీ ఎక్కారట. నాకు తెలియదు, నాయకుడు నిద్రపోతున్నాడు.

భుజం తట్టిన చెయ్యికి కళ్ళు తెరిచాను.

"ఆ నల్ల డబ్బా మీదేనా సార్?" అన్నాడు ఒబులేసు. చేతిలో నా బ్రీఫ్‌కేసు. "డబ్బా ఉంది, మనిషి ల్యాడు. క్యాంపంతా తిరిగి వస్తి."

బస్సులో నేను ముందు సీట్లో కూర్చున్నాను. వెనక మేస్త్రికి ఎవరో నేనే ఆ సారునని చెప్పినట్టున్నారు, దారంతా ఆయన దగ్గలేదు కూడా.

"తొమ్మిది నిమిషాలు లేటు సార్," అన్నాడు ఒబులేసు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "ఇది మూడోది."

"చూద్దాంలే," అన్నాను. చూద్దాంలే అన్న మాటను కనిపెట్టినవాడు తప్పకుండా ఆఫీసరే అయి ఉంటాడు.

పెద్ద మేనేజరు సూడాన్ మనిషి. ఇరవై ఏళ్ళుగా మనవాళ్ళతో పనిచేసి హిందీ ధారాళంగా మాట్లాడేవారు. నేను వెళ్ళేసరికి బల్ల మీద గడియారం పెట్టుకుని కూర్చున్నారు. గోడ వార ఇస్త్రీ చొక్కాలో యాదగిరి.

"వేళ పాటించడం గురించి చెప్పాల్సింది మీరేనా?"

"బస్సు లేటైంది సార్."

"ఎవరి బస్సు?"

ఇదిగో, ఘోరం ఇక్కడే. ఒక్క క్షణం ఉంది నాకు. ఆ క్షణంలో నాకు ఒబులేసు చిన్నపాప గుర్తు రాలేదు. నా చార్టులు గుర్తొచ్చాయి.

"ఒబులేసు సార్. ఇది మూడోసారి. నియమం ప్రకారం అతని కాగితం పంపకూడదు."

ఆయన గడియారం పక్కకు జరిపారు. "యల్లా, త్వరగా ఆయన్ని పిలవండి. షీటు తెమ్మనండి."

ఒబులేసు వచ్చి షీటు బల్ల మీద పెట్టాడు. ఆ రోజు గడిలో చిన్న అక్షరాలతో నాలుగు వరుసలున్నాయి. మేనేజరు దాన్ని నా వైపు తిప్పారు. "మీ భాషే కదా. చదివి చెప్పండి."

చదివాను.

"ట్రాఫిక్ అని రాశాడు సార్."

"నాలుగు వరుసలూనా?"

"బాగా ట్రాఫిక్ సార్."

ఆయన ఒబులేసును అడిగారు, అంతేనా అని. ఒబులేసు నా ముఖం చూశాడు. "సారు ఎట్ల చదివితే అట్లే సార్," అన్నాడు.

అప్పుడు గోడ వార నుంచి యాదగిరి వచ్చి షీటు మీదికి వంగాడు. "సార్ గల్తీ పఢే సాబ్," అన్నాడు మేనేజరుతో. నా వైపు తిరిగి, "తప్పు జదివిండ్రు సార్, నేను జదువుత," అని, తెలుగులో గట్టిగా చదివి, ఒక్కో ముక్కా హిందీలో చెప్పాడు.

"పన్నెండు డబ్బాలు, పదకొండు మంది. ఒక పెట్టెకు మనిషి ల్యాడు. వెతికినా. గోడ ఎనక మన సారు నిద్రపోతా ఉండాడు. పాపం అలిసినట్టుండాడు. లేపితి. తొమ్మిది నిమిషాలు."

"పాపం" అన్న మాటను యాదగిరి రెండుసార్లు చెప్పాడు, మేనేజరుకు బాగా అర్థం కావాలని.

"మిగతా రెండూ చదువు," అన్నారాయన.

"ఒక డబ్బా ఎక్కువుంది. కడుపునొప్పి మనిషి, దొడ్డికి పోయినాడు. వచ్చిందాకా ఆగితి." ఇంకొకటి: "జరం మనిషి మెల్లిగ నడిచి వచ్చినాడు. ఆగితి."

"ఇవి మీరు ముందే చదివారా?" అని నన్నడిగారు.

చదవలేదు. ఆ కంపెనీ మొత్తంలో ఆ గడిని చదవగల ఆఫీసరు నేనొక్కణ్ణే. ఇప్పటికీ నా ఒళ్ళు మండేది అక్కడే. నా భాషలో, నా కోసం, ఒక పెద్ద మనిషి రోజూ ఉత్తరం రాశాడు. నేను పక్క గడిలో నిమిషాలు కూడుకున్నాను.

"ఈ తొమ్మిది నిమిషాలు ఎవరివి?"

"నావి సార్."

ఎర్ర గుర్తు ఒబులేసు పేరు మీంచి తీసి నా పేరు మీద పెట్టారు. ఒబులేసు కాగితం అక్కడికక్కడే సంతకమై వెళ్ళింది. నియమం చిరిగి చెత్తబుట్టలో పడింది. బహుమతి ఎవరికీ లేదు. యాదగిరి "పోనియ్యిండ్రి, చొక్కా ఇస్త్రీ అయితె అయింది," అన్నాడు. ఇక నాకు శిక్ష: నెల రోజులు కారు బంద్. రోజూ ఆ స్టాపులో, ఎండలో, నిలబడి, డబ్బాలు లెక్కపెట్టి ఒబులేసు బస్సు ఎక్కాలి.

సంచికలో వేసిన "స్వచ్ఛంద సేవ" అదీ. దారిన పోయే తెలుగువాళ్ళు చూసి, ఎంత గొప్ప ఆఫీసరో అనుకున్నారు. నేను కాదనలేదు. ఇన్నేళ్ళు కాదనలేదు. అబద్ధం నీడలాంటిది, కూర్చోవడానికి హాయిగా ఉంటుంది.

సంచిక వచ్చిన వారానికి యాదగిరికి ఫోన్ చేసి కడప చిరునామా తెలుసుకుని, ఆ శాలువాను డబ్బాలో పెట్టి ఒబులేసుకు పంపించాను. లోపల క్షమాపణ ఉత్తరం. పాప నర్సయి, ఇప్పుడు సొంతూరి దగ్గరే ఆసుపత్రిలో చేస్తోందని యాదగిరి చెప్పాడు. నాలుగో రోజు ఫోన్ మోగింది. గొంతు ముసలిదైంది, తీరు మారలేదు.

"సార్, డబ్బా ఒచ్చింది."

"సంతోషం ఒబులేసు గారూ."

"మనిషి యాడ సార్?"

కనుక ఇందుమూలంగా, భార్య సాక్షిగా, అరిగిన నా ఎముకల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ వరుసలోనూ నా బదులు పెట్టె పెట్టను. వచ్చే గురువారం కడప బస్సెక్కుతున్నాను. స్టాండులో నిలబడే ఎక్కుతాను. బస్సు లేటైతే డ్రైవరు గారికి దణ్ణం పెట్టి, ఎవరి కోసం ఆగారని అడుగుతాను.