కానుగ కొమ్మలో ఎండుగడ్డి

మా ముత్తాత వెంకటప్పకు సోమల పక్కన మూడు ఊళ్ల పెత్తనం ఉండేది. మా తాత చెంగల్రాయప్ప వీధిలో వస్తుంటే అరుగుల మీదివాళ్లు లేచి నిలబడేవారు. మా ఇంటి మగవాళ్లు జనం ముందు పంచె ఎగగట్టి ఎరుగరు. ఆ నియమం నేనొక్కసారి తప్పాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక వ్యాపారి వంక ఒడ్డున కానుగతోపు కొట్టించి ఇళ్ల ప్లాట్లు వేస్తానన్నాడు. వంక పక్క వరుస మా ఊరి గొర్రెల కాపరులకట. స్థలం చూడటానికి మదనపల్లె నుంచి అధికారి వచ్చాడు.

"ఈ వంకలో నీళ్లు యాడుండాయి సార్? మేక కాలు గూడా తడవదు" అన్నాడు వ్యాపారి.

"పెద్ద వానొస్తే నిలువెత్తు పారతాది" అన్నాను.

"అమ్ముకున్న భూమి మీద నీకింకా పెత్తనం యాలప్పా?" అన్నాడతను. అందరూ నవ్వారు.

చెప్పులు విడిచి, పంచె ఎగగట్టి, అందరి ముందే కానుగ చెట్టెక్కాను.

"పైలం సామీ, కొమ్మ ఇరుగుతాది!" అని ఒక కాపరి అరిచాడు.

కొమ్మల పంగలో ఇరుక్కున్న ఎండుగడ్డిని, అందులో చిక్కుకున్న పాత చెప్పును చూపించాను. "ఇది గూడు కాదు సార్, వరద తెచ్చిపెట్టిన చెత్త. కొలవండి."

అధికారి టేపు అందించాడు. కొలత ఆయన తల దాటి ఇంకో మూర ఉంది. ఆయన నక్షాలో వంక పక్క వరుసంతా ఎర్ర పెన్నుతో కొట్టేసి, తోపు కదిలించకూడదని రాశాడు.

చిరిగిన పంచెతో దిగాను. గట్టు మీద కూర్చున్న కాపరులు లేచి నిలబడ్డారు. మా తాతకు దక్కిన మర్యాద నాకు దక్కింది ఆ ఒక్కరోజే, అదీ చెట్టెక్కినందుకు.

ఆ తోపును, దాన్నానుకున్న పదకొండెకరాలను మా నాన్న నా చిన్నప్పుడే అమ్మేశాడు.