పెకాన్ చెట్ల దగ్గర మలుపు

మొన్న ఆదివారం ఇర్వింగ్‌లో కూరగాయలు కొనుక్కుని ఇంటికి వస్తుంటే, తిన్నగా సాగిన రోడ్డు మూడు పెకాన్ చెట్ల దగ్గర ఉన్నట్టుండి పక్కకు తిరగడం చూసి, కారు నడుపుతున్న మా మనవరాలు “తాతా, ఈ రోడ్ ఇక్కడ ఎందుకు బెండ్ అవుతుంది? ఎవరు డిజైన్ చేశారు దీన్ని?” అని విసుక్కుంది. నాకు నవ్వొచ్చింది.

అమెరికా వచ్చి నేను సిటీ ఆఫీసులో ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది, మా సిటీ తన పొలిమేరల్లోని పొలాలను కొత్తగా కలుపుకుంది. అక్కడ రోడ్లూ నీళ్ళ గొట్టాలూ మురుగునీటి లైన్లూ ఎక్కడ రావాలో ప్లాను గీయడం మా విభాగం పని. మా పై అధికారి రిటైర్మెంటుకు దగ్గరపడిన అమెరికన్ పెద్దాయన. ప్లాను ఖాయం చేసే ముందు అక్కడి ప్రతి ఇంటి గడపా తొక్కి రావాలనేవారు. కాగితం మీద ఖాళీగా కనిపించే చోటు ఎవరిదో ఒకరి పెరడై ఉంటుందని ఆయన నమ్మకం.

అలా వెళ్ళినప్పుడే, ఒంటరిగా ఉంటున్న ఒక ముసలావిడ నాకు ఐసు వేసిన టీ ఇచ్చి, ముగ్గురు బిడ్డలు పుట్టినప్పుడల్లా తన భర్త ఒక్కొక్కటిగా నాటిన చెట్లను చూపించి, మీ రోడ్డు కోసం వీటిని కొట్టేస్తారా అని అడిగింది. మా చిత్తు ప్లాను ప్రకారం కొట్టేయాల్సిందే. కాని మన మొహమాటం సంగతి నా ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు కదా, ఆ మాట నోటితో అనలేక, ‘అవునండీ, ఏం చేస్తాం’ అన్నట్టు మన పద్ధతిలో తల అటూ ఇటూ ఆడించి ఊరుకున్నాను. ఇక్కడ తల అలా ఆడితే ‘లేదు’ అని అర్థమని అప్పటికి నాకు ఒంటబట్టలేదు.

పబ్లిక్ హియరింగ్ రోజున ఆవిడ మైకు ముందు నిలబడి, చెట్ల జోలికి రామని ఈ అబ్బాయి మాటిచ్చాడంటూ నన్ను చూపించి అందరి ముందూ థాంక్స్ చెప్పింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఉద్యోగం ఊడితే వీసా కూడా దాని వెంటే పోతుంది, పెట్టె సర్దుకోవాల్సిందే.

బయటికొచ్చాక, తల ఆడించి మరీ చూపిస్తూ, జరిగిందంతా పెద్దాయనకు చెప్పుకున్నాను. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వి, సిటీ తరఫున వెళ్ళిన మనిషి తల ఆడించినా అది సిటీ ఇచ్చిన మాటేనన్నారు. ఆ శనివారం సెలవు మానుకుని, బూట్లకు బురద అంటుకుంటున్నా లెక్కచేయక నాతోపాటు ఆ నేలంతా నడిచి, చెట్లకు అవతల వాగు గట్టు వెంబడి మురుగు పారడానికి వాలు ఇంకా బాగుందని కనిపెట్టారు. లైను అటు తిరిగింది, రోడ్డూ దాని వెంటే తిరిగింది. అంత పెద్దమనసు నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

ఇప్పటి పిల్లలు ఆకాశం నుంచి తీసిన ఫొటోలు చూసుకుంటూ కుర్చీలోంచి లేవకుండానే ప్లాన్లు గీసేస్తున్నారు. నాకంటే తెలివైనవాళ్ళే, తప్పులూ తక్కువే, కాకపోతే ఎవరింట్లోనూ టీ తాగరు. ఆ ముసలావిడా లేదు, మా పెద్దాయనా లేరు. నా తల కూడా ఎప్పుడో ఈ దేశపు పద్ధతికి అలవాటు పడిపోయింది.

కథంతా విన్న మనవరాలు “సో, ఆ ట్రీస్ నీ వల్లే ఉన్నాయా తాతా?” అంది. ఎన్నేళ్ళ తర్వాతో, నా తల దానంతటదే అటూ ఇటూ ఆడింది.

“అంటే ఎస్సా, నోనా?” అంది పిల్ల.