ఒత్తులెగిరిన థీసిస్

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, నేను బాపట్ల కాలేజీలో తెలుగు చెప్పే రోజుల్లో, రేపల్లెలో మా ఆయన ఆఫీసుకి కంప్యూటరు వచ్చింది. దాన్ని మొట్టమొదట ముట్టుకున్న మహానుభావుడు ఆయనే. ఇంకేం, కోతికి కొబ్బరికాయ దొరికింది. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియని మనిషి సాఫ్ట్‌వేర్ల మీద ఉపన్యాసాలు మొదలుపెట్టాడు.

నా పీహెచ్‌డీ థీసిస్ అత్తాకోడళ్ళ పాటల మీద. కొల్లూరు లంక ఊళ్ళల్లో తిరిగి, మా అత్తగారి చేతా పాడించుకుని పోగేసిన పాటలవి. వచ్చే సోమవారం లోపల యూనివర్సిటీకి ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. అది రద్దయితే నా టెంపరరీ ఉద్యోగమూ గోవిందా. తెనాలిలో డీటీపీ చేయించాను. పుస్తకాలకీ శుభలేఖలకీ వాళ్ళు వాడే సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. ప్రింటు తీయించడమే తరువాయి.

“పెళ్ళికార్డులు కొట్టే సాఫ్ట్‌వేర్‌లో థీసిస్ ఏంటే? చూసినవాళ్ళు నవ్వరూ? మా ఆఫీసులో వాడేదే ప్రొఫెషనల్,” అన్నాడు మా ఆయన.

“అందులో తెలుగు సరిగ్గా వస్తుందాండీ?”

“నీకెందుకు, నాకొదిలెయ్.”

వదిలేశాను. ఫైలు రేపల్లె పట్టుకెళ్ళి, తన సాఫ్ట్‌వేర్‌లో పోసి, చేతికి దొరికిన ఫాంటేదో తగిలించి, ప్రింటు తీసి, బైండు చేయించి శుక్రవారం సాయంత్రం తెచ్చాడు. అట్ట మీద బంగారు అక్షరాలు, ప్రతి పేజీకీ చుట్టూ బార్డరు. ఆ బార్డరు చూసుకుని మురిసిపోతూ నిలబడ్డాడు.

తెరిచాను. ఒక్క ఒత్తు లేదు. ఆ ఫాంటు మార్పిడిలో అక్షరాల కింది ఒత్తులన్నీ ఎగిరిపోయాయి. అత్త అత అయింది. అమ్మ అమ అయింది. పుట్టిల్లు పుటిలు, కన్నీళ్ళు కనీళు. ఆడపడుచుకీ మొగుడికీ మాత్రం ఏమీ కాలేదు! పాటల్లోనూ అంతే కదా.

“చదివారా అసలు?”

“మార్జిన్లు చూశాను, పేజీ నంబర్లు చూశాను. చదవడం నీ సబ్జెక్టు కదే. అయినా ఒత్తులేగా, సార్లకి అర్థం కాదా ఏంటి?”

ఛీ! ఒళ్ళు మండిపోయింది. తెల్లారగానే తెనాలి పరిగెత్తాను.

“ఫైలు లేదండి మేడం. ఎవరైనా కాపీ కొడతారని సారే దగ్గరుండి తీసేయించారండి,” అన్నాడు కొట్టాయన.

పట్టుకెళ్ళిన కాపీ మీదేమో ఈయన కొత్తదాన్ని సేవ్ చేసి కూర్చున్నాడు. ఇలాంటి తెలివి పగవాడికి కూడా వద్దు.

ఇంటికొచ్చి ఒక కాపీ బైండింగు ఊడదీసి, నల్ల పెన్నుతో ఒత్తులు పెట్టడానికి కూర్చున్నాను. మా అత్తగారు పక్కన చేరి పాటలు పాడుతుంటే, ఆ వెంటే ఒత్తులు పెట్టుకుంటూ పోయాను.

“వాడి తెలివి తెల్లారినట్టే ఉందమ్మా,” అన్నారావిడ.

ఆయనేమో వరండాలో పక్కింటాయనకి ప్రొఫెషనల్ సాఫ్ట్‌వేర్ గురించి చెబుతున్నాడు.

ఆదివారం పొద్దుగూకేసరికి కృతజ్ఞతల పేజీ ఒక్కటే మిగిలింది. అందులో అందరికీ ఒత్తులు పెట్టాను. ఆయన దగ్గరికొచ్చేసరికి పెన్నుకి మూత పెట్టేశాను. జిరాక్సులు తీయించి, మళ్ళీ బైండు చేయించి, సోమవారం గడువులోపలే ఇచ్చేశాను.

కొన్ని నెలల తర్వాత వైవాకి వచ్చిన పెద్దాయన సరిగ్గా ఆ పేజీ దగ్గరే ఆగారు.

“‘మావారికి కృతజతలు’ అని ఉందేంటమ్మా? ఒత్తు మర్చిపోయినట్టున్నారు.”

“మర్చిపోలేదండి. మావారి సాఫ్ట్‌వేర్‌లో ఆయనకి అంతే వచ్చిందండి.”